నాలుగు సంచుల లెక్క

తెల్లారేసరికి వాన.
చిలోయే దీవిలో వాన చుట్టం కాదు, ఇంటి మనిషి.
కట్టెల పొయ్యి రాజేసి
మోచేతుల దాకా చేతులు రుద్ది కడిగి
కిటికీ మూసి, మూతికి మాస్కు కట్టి
ఎలియోదోరో పొట్టలోంచి వేలాడే సన్నని గొట్టానికి
పొద్దుటి సంచి తగిలిస్తాను.

రాత్రంతా నిలవున్న నీరు ముందు దిగుతుంది,
ఎండుగడ్డి రంగులో.
తర్వాత కొత్త నీరు, రెండు లీటర్లు,
గోడ మేకు మీంచి అతని లోపలికి.
మూత్రపిండాలు చేతులెత్తేసిన పనిని
ఒక ప్లాస్టిక్ సంచి నెత్తినేసుకుంటుంది.
రోజుకి నాలుగు.
ఏడాదికెన్నో నేను లెక్క కట్టను, అతనే కడతాడు.

ఎలియోదోరో అంటే ఎవరనుకున్నారు?
నలభై ఏళ్లు ఆల్చిప్పల తాళ్లు లాగినవాడు.
పోటు తీసినప్పుడల్లా రబ్బరు బూట్లేసుకుని
సాల్మన్ చేపల బోనుల నుంచి కొట్టుకొచ్చిన
తాళ్ల ముక్కలు, మేత గోనెలు, థర్మోకోల్ పెళ్లలు
ఏరి ఏరి గట్టున కుప్పపోసేవాడు.
వంటింటి గడప ప్లాస్టిక్‌ని దాటనిచ్చేవాడు కాదు.
దుంపలకి రెల్లు బుట్ట,
పాలకి గాజు సీసా, జున్నుకి తడిగుడ్డ.
దాల్కావే సంతలో చేపలమ్మే నోల్వియా
కవరు విదిలించబోతే తన తట్ట ముందుకి తోసి
"నీ కవరు నాకంటే ఎక్కువ కాలం బతుకుతుందమ్మా,
దాని ముందు నన్ను చిన్నబుచ్చకు" అనేవాడు.

పోయిన మే నెల గాలివాన వెలిశాక
నాచులో చిక్కుకుని ఒక సంచి దొరికింది అతనికి.
రెండు గొట్టాలు, ఒక నీలం మూత,
వెలిసిన అక్షరాల్లో ఇంకా చదవగలిగే బ్యాచ్ నంబరు.
"ఈ వైపు ఇవి వాడేది ముగ్గురమే" అన్నాడు.
సిస్తెర్నా ముసలాయన నిరుటి చలికాలం దాటలేదు.
ఇక ఇద్దరు.
ఆ పూట సూపు గిన్నెలోనే చల్లారిపోయింది.

పది రోజులకి
అతని బూట్లు అతని కాళ్లకి పట్టలేదు.
చీలమండ మీద నా బొటనవేలు నొక్కితే
పిండిముద్దలో నొక్కినట్టు గుంట పడి
అలాగే ఉండిపోయింది.
రెండు మెట్లెక్కితే ఆయాసం.
విత్తనపు దుంపల బుట్టల వెనక
సీలు తియ్యని సంచులు ఎనిమిది.
నేను సంతకీ చర్చికీ పోయిన మధ్యాహ్నాలన్నీ
అక్కడ వరసగా పడుకుని ఉన్నాయి.

"సముద్రానికి మిగిల్చాను" అన్నాడు,
బెల్లం డబ్బాలో చెయ్యి దొరికిపోయిన పిల్లాడిలా.
నాకు ఒళ్లు మండిపోయింది.
సముద్రానికి బాకీ ఉంటే ఇద్దరం తీరుద్దాం గాని
నన్నడక్కుండా నీ గుండె తాకట్టు పెడతావా అన్నాను.
ఇంకా చాలా అన్నాను. అవి రాయదగ్గవి కావు.

నర్సు లాంచీలో వచ్చింది.
గొట్టం చూసింది, కాళ్లు చూసింది,
నాలుగంటే నాలుగే అంది.
ఖాళీవి చెత్త గుట్టకి పోకుండా
మందులు తెచ్చే పడవలోనే వెనక్కి పంపొచ్చేమో
పై వాళ్లని అడిగి చూస్తానంది.
ఇంకా అడుగుతూనే ఉంది.

అందాకా కట్టెల కొట్టంలో దాస్తున్నాం,
పాతికేసి ఒక కట్ట,
తీరంలో అతను ఏరిన తాళ్లతోనే కట్టి.
గాలికి ఒక్కటీ కదలదు, జాలరి ముడి.
బూట్లు మళ్లీ పడుతున్నాయి.
నీరు తీసిన పూట బయటికి వెళ్తున్నాడు,
మధ్యాహ్నం సంచి వేళకి తిరిగొస్తున్నాడు,
నేను పిలవకుండానే.

నిన్న రాత్రి లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్లి
చాలాసేపు రాలేదు.
వచ్చి తడి టోపీ పొయ్యి దగ్గర ఆరేసి
"నూట పన్నెండు" అన్నాడు.
నేను మాట్లాడలేదు.
వేళ్ల మీద ఏదో భాగించుకుని
"అంటే ఇరవై ఎనిమిది రోజులు బతికానన్నమాట, ఎర్మే" అన్నాడు.

చొక్కా పైకి లాగు అన్నాను.
నాలుగోది అప్పటికే మేకుకి తగిలించి ఉంది,
పొయ్యి పక్కన వెచ్చబడి.