ఏమేం పూసినావమ్మా

"ఏమేం పూసినావమ్మా?" అనడిగింది డాక్టరమ్మ
కాలి కట్టు విప్పుతా, తల ఎత్తకుండా.
తిట్టలేదు.
తిట్టింటే ఏడ్చి ఊరుకుందును.
అడిగింది కాబట్టి చెప్పాల్సొచ్చింది.

మొదట గాయపాకు.
ఆదోనిలో మా ఇంటెనక మురిక్కాలువ గట్టున
ఎవరూ నాటకుండానే మొలుస్తాది.
అరచేతుల్లో నలిపి పసరు పిండితే
మా పిల్లోళ్ల మోకాళ్లు ఎన్నిసార్లు మానలేదు!
ఆ పసరుకి నేను సాక్షి.
ఈయన బొటనేలి మీద మాత్రం
ఆకు ఎండింది, పుండు ఎండలేదు.

పుండంటే పుండూ కాదు అప్పటికి.
పరుపు కుట్టేటప్పుడు జారిన దబ్బనం.
ఎప్పుడు దిగిందో ఆయనకే తెలీదు.
నలభై ఏండ్లు దూది ఏకినోడు,
ఊరందరి నిద్రకీ మెత్తదనం కొలిచి ఇచ్చినోడు
కాలికింద ఏం గుచ్చుకున్యాదో తెలీకుండా
రెండు దినాలు తిరిగినాడు.
చెప్పులో నెత్తురు చూసి నేనే అరిచినా.
"నొప్పి లేదులేవే" అన్నాడు నవ్వుతా.
లేదంటే మంచిదే గదా అనుకున్యా.
అంత పిచ్చిదాన్ని.

తర్వాత పసుపు, వేపనూనె.
కలబంద చీరి జిగురు పూసి
చల్లగుందా అంటే ఉందన్నాడు,
నా మొహం చూసి చెప్పినాడు గానీ
కాలిని అడిగి కాదు.
మా తోటికోడలు పీరంబీ బీడీ బూడిద పెట్టమంది.
అది మాత్రం పెట్టలేదు, మస్తానయ్య మీద ఒట్టు.

ఆఖరికి తేనె.
నల్లమల తేనె అని సైకిలు మీద తెచ్చినాడొకడు,
సీసాలో తుట్టె ముక్క కూడా తేలుతాండె.
నూటాఎనభై.
పూసేటప్పుడు నాకే నవ్వొచ్చింది:
ఒంట్లో తీపి ఎక్కువై మానని పుండుకి
పైన ఇంకా తీపి పూస్తున్యానే అని.
ఆయనా నవ్వినాడు.
"ముల్లును ముల్లుతోనే తీయాల" అన్నాడు.
ఆ రాత్రి ఇద్దరం బాగా నిద్రపోయినాం.

అజాన్ వినబడి లేసినా. లైటేసినా.
గోడ పగుల్లోంచి, దూదిమూట పక్కనుంచి,
మంచంకోడు ఎక్కి
సన్నని నల్లదారం.
పరుపులు కుట్టే ఇంట్లో దారం కాక ఏముంటాది?
దారం కదిలింది.
కట్టులోకి పోతావుంది,
కట్టులోంచి వస్తావుంది.
ఆయన గురక పెడతా ఉన్నాడు.

చీమ కుడితే పసిబిడ్డయినా లేస్తుంది గదమ్మా.

డాక్టరమ్మ చెయ్యి ఆగింది.
"అది తేనె కాదు, బెల్లం పాకం" అనింది నర్సు.
"తేనెకైనా వస్తాయి చీమలు" అంది డాక్టరమ్మ.
"గాయాలకని శుభ్రం చేసిన తేనె వేరే ఉంది,
మేమూ వాడతాం ఒక్కోసారి.
కానీ పైన ఏది పూసినా
లోపల చక్కెర దిగాలి, కాలికి రక్తం అందాలి,
ఆ కాలు కొన్నాళ్లు బరువు మోయకూడదు.
ఆయన కాలు ఆయనతో మాట్లాడటం మానేసింది,
ఇక నువ్వే వినాలి."

ఆయనకివేమీ పట్టలేదు.
తొట్టిలో పారేసిన దూదినే చూస్తున్నాడు.
"మంచి దూది కాదమ్మా ఇది" అన్నాడు,
"గింజ నలిగింది దీంట్లో."

వేలు పోయింది. పాదం మిగిలింది.
ఇప్పుడు రోజూ రాత్రి ఫోను లైటులో
బియ్యంలో రాళ్లేరినట్టు
ఆయన అరికాలు వెతుకుతా,
వేళ్ల సందుల్లో, మడమ పగుళ్లలో,
చెప్పు దులిపి దాంట్లో చెయ్యి పెట్టి కూడా.
"ఏముందే?" అంటాడు.
"ఏమీ లేదు" అంటా.
ఆ మాట కోసం పగలంతా ఎదురుచూస్తానని
ఆయనకు చెప్పలేదు.

కాలువ గట్టున గాయపాకు మళ్లీ పూసింది.
దాని మీద కోపమేమీ లేదు నాకు.
మొన్న మనవడు సైకిలు మీదనుంచి పడితే
పోయి నాలుగాకులు తెంపుకొచ్చినా.
పసరు పడగానే వాడు
ఈది అదిరేటట్టు ఏడ్చినాడు.

ఏడువు నాయినా, అన్యా.
ఇంకా గట్టిగా ఏడువు.