జానెడు సందు

నాలుగో నక్షలోనూ గోడంతా గాజే గీశాను.
సముద్రం వెనక్కి తగ్గాక మిగిలే ఫ్రీజియా బురదని
తెర మీద బొమ్మలా చూపిద్దామని.

బురదలో జనాన్ని నడిపించే ఎడ్జార్డ్
కోటు జేబులోంచి తీసి
కాగితం మీద పెట్టాడు, ఒక ఉల్లంకి పిట్టని.
మెడ పక్కకి వాలిపోయింది.
"రేవు హోటలు అద్దానికి. పొద్దున్నే."
అంతే. చల్లారిన టీ తాగి వెళ్ళిపోయాడు.
రెక్కల తడి నక్షలోకి ఇంకింది,
సరిగ్గా సింహద్వారం గీసినచోట.

ఇప్పుడు రెల్లు కప్పు, లావుపాటి ఇటుక గోడ,
మోకాలెత్తున జానెడు సందు.
బ్రెమెన్ నుంచి వచ్చిన పెద్దాయన
"దీనికా టికెట్టు!" అని గొణుగుతూనే వంగాడు.
వంగితే చాలక మోకాళ్ళూనాడు.

అవతల
వేల సన్నకాళ్ళు, పోటుకి ఒక్కడుగు ముందు పరుగు.

చాలాసేపు లేవలేదు.
లేచి,
"బయటికి తలుపెటు?" అన్నాడు
బూటు తాళ్ళు విప్పుకుంటూ.