రెండో రోసాల్బా బరువు

పడవకి వయసొచ్చిందన్నాడు మా మరిది అబ్దోన్.
ఇంజనుకి వచ్చిందన్నాడు పెట్రోలు కొట్టువాడు.
తర్వాత నావైపు చూసి
ఇంకేదో అనబోయి చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

కెయిలెన్ రేవులో వాన ఆగడమంటే
గుక్క తిప్పుకోవడమే.
ఆ సందులోనే మాకు ఏ పనైనా.

మా ఆయన సాల్మన్ చేపల కంచెలకి కాపలా పోయాక
పడవ నాది, ఇంజను నాది, అప్పు నాది.
నలభై గుర్రాల ఇంజను.
పోయినేడు ఇద్దరినీ, వలనీ, మంచుపెట్టెనీ ఎత్తుకుని
నీళ్ల మీద గీత గీసినట్టు పోయేది.
ఇప్పుడు అణియం మబ్బుల్లో, అమరం మడుగులో,
బురద దిగిన దున్నలా
ఈడుస్తుంది, రొప్పుతుంది, డబ్బా ఖాళీ చేస్తుంది.
నేను ఒడ్డు చేరేసరికి
చేపలు కొనే లారీ తలుపు వేసేస్తోంది.

ఎవరిస్తో చిగ్వాయ్ వచ్చాడు.
చెవి ఒకటే పనిచేస్తుంది, దాన్నే ఇంజనుకి ఆనించాడు.
"పంకా పదమూడు పిచ్. దీనికి ఎక్కువ.
మెట్ట ఎక్కేటప్పుడు పెద్ద పళ్లచక్రం మీద
సైకిలు తొక్కుతావా?"
పదకొండు తగిలించాడు.
ఊపిరాడినట్టు తిరిగింది. కొంచెం నయం.

ఇంజను కింద రెండు వేళ్ల మందం చెక్క పెట్టి లేపాం.
తిన్నగా పోతే బాగానే ఉంది,
మలుపులో గాలి కొరికి గావుకేక పెట్టింది.
ఒక వేలు దించాం.

అడుగున అంటుకున్న ఆల్చిప్పలు గీకాను,
అరచేతిలో సగం తోలు వాటికే పోయింది.
మంచుపెట్టె నడిమికి జరిపాను.
పెట్రోలు డబ్బా ముందుకి.
తొంభై నాలుగు కిలోల అబ్దోన్‌ని కూడా
"నువ్వూ జరుగు, నీ బరువే ముంచుతోంది" అన్నాను.
మాట్లాడకుండా అణియంలోకి పోయి కూర్చున్నాడు.
చిన్నప్పట్నుంచీ వాడి చోటు అమరం.

ప్రతిదానికీ కొంచెం నయం.
నయం, నయం, నయం, అయినా లారీ అందడం లేదు.

ఆ అమావాస్య పోటు తీశాక
పడవని బోర్లిద్దామని ఆరుగురం పట్టాం.
కదల్లేదు.
పోయిన శీతాకాలం నలుగురమే బోర్లించాం.
ఎవరిస్తో గుమ్మడికాయ కొనేవాడిలా
గచ్చు మీద వేలిమెటికతో కొట్టుకుంటూ పోయాడు.
టక్కు, టక్కు, టక్కు,
ఒకచోట, దబ్బు.
బెజ్జం వేశాడు.

నీళ్లు.
మురికి టీ రంగు నీళ్లు,
మా పిడికిళ్ల మధ్యనుంచి, బూట్ల మీదుగా,
మధ్యాహ్నం భోజనం పెట్టుకుని తిని వచ్చినా
ఇంకా కారుతూనే.
గచ్చు కింద తేలడానికని నింపిన నురుగు
రెండు శీతాకాలాలు తాగి తాగి
మునగడం నేర్చుకుంది.

తడి నురుగుని ముక్కలు కోసి, గోనెల్లో కుక్కి
చేపల కాటా మీద పెట్టాం, కారిపోయిన నీళ్లకి బకెట్లు లెక్కేశాం.
మొత్తం రెండు వందల పదహారు కిలోలు.
ఇద్దరు అబ్దోన్‌లూ, ఒక గొర్రెపిల్లా.
అందరూ నవ్వారు.
అబ్దోన్ గోనె మూతి కడుతున్నాడు.

"ఈ మర ఎవరు బిగించారు?"
ఎవరిస్తో వేలు పెట్టిన చోట
తుప్పు కన్నీరు కార్చిన ఒక మరచీల.
రెండేళ్ల కిందట నా నడుము నొప్పికి
మెత్త కుర్చీ కావాలని
జిగురు లేకుండా, ఒంటి చేత్తో, నేనే.
"వాన మొదలవుతోంది" అన్నాను.
చీల నా గౌను జేబులో ఉంది.

కొత్త నురుగు, కొత్త గచ్చు, ప్రతి చీలకీ జిగురు.
నీళ్లలో దించితే
రెండో రోసాల్బా ఒక్కసారిగా లేచింది,
ఇంజను పిచ్చి పట్టినట్టు చుట్లు తిరిగింది.
ఎవరిస్తో ఒడ్డునుంచి అరిచాడు,
"ఇప్పుడు తేలికైంది కదా! పాత పంకాయే సరి!"
పదమూడే మళ్లీ బిగించాం.

లారీ తలుపు ఇంకా తీసే ఉంది ఇవాళ.

"వెనక్కి వచ్చేయ్ అబ్దోన్,
ఇక నువ్వెక్కడ కూర్చున్నా ఒకటే" అన్నాను.
ఇంజను చప్పుడులో వినలేదేమో.
చినుకులకి మొహం అప్పజెప్పి
అణియంలోనే ఉన్నాడు.