పదహారు గింజలు

హసావీలో మా గదికి ఒకటే కిటికీ.
దాని గట్టు మీద రెండు కావా గిన్నెలు,
అంచు విరిగినాయని మేడం పారేయమంటే
కొంగులో కట్టి తెచ్చుకున్నవి.
ఒక గిన్నె పేరు 'వస్తుంది'. ఒక గిన్నె పేరు 'పోయింది'.
పదహారు ఖర్జూరం గింజలు,
అణాకొకటి.

కుళ్లాయమ్మ ఫోను గురువారం రాత్రి ఆగింది.
పది మందిమి, తలా ఇరవై దినార్లు,
చీటీ డబ్బంతా దాని సంచిలో.
"తిని పాయ" అనింది లక్షుమ్మ, చెప్పులైనా విప్పకుండా.
"పదహారణాలూ నిజం" అనింది షంషాద్.

నేను గింజలు ముందేసుకుని కూచున్నా.
ఫోను సంగతి కాసేపు పక్కనపెట్టి
ఉత్త లెక్క చూసినా.
ఆరేండ్లలో ఈ గదిలో చీటీ ఎత్తినోళ్లు ముప్పై ఇద్దరు,
ఎగ్గొట్టింది ఇద్దరు.
'పోయింది'లో ఒక్క గింజ.

ఇంక ఫోను.
పారిపోయినోళ్ల ఫోను ఆగుతుంది, సరే.
పారిపోనోళ్లది ఆగదా?
మేడం లాక్కుంటే ఆగుతుంది,
పసోడు నీళ్లలో ముంచితే ఆగుతుంది.
రెండు గింజలు జరిపినా, అంతకు మించి లేదు.

మంచం కింద పెట్టె లేదు.
పని మారినోళ్లూ పెట్టె తీసుకుపోతారు గానీ
చెప్పకుండానా?
నాలుగు.

డ్రైవర్ మస్తాను ఎయిర్‌పోర్టులో చూసినాడంట.
సుగుణ చెప్పింది, షంషాద్ చెప్పింది,
కింద బకాలా అతనూ చెప్పినాడు.
నోళ్లు మూడు, కన్ను ఒకటే.
అదీ దుమ్ము లేచిన రోజు,
నల్ల అబాయాల గుంపులో, వెనక నుంచి.
మూడు నోళ్లకూ కలిపి ఒక్క గింజ.

దిండు కింద చీటీ పుస్తకం దొరికింది.
దొంగయితే లెక్క వదిలి పోతుందా!
నాకు కావలసిన సాక్ష్యం కదా,
చెయ్యి తనంతట తానే ఆరు గింజలకు పోయింది.
ఆపినా.
దొంగ మాత్రం ఆ పుస్తకం మోసుకుపోయి ఏం చేసుకుంటుంది?
ఒకటే వెనక్కి.

ఏడు అటు, తొమ్మిది ఇటు.
"ఇంగా నమ్ముతాండావా?" లక్షుమ్మ నవ్వింది.

నేనొచ్చిన మొదటి ఏడు, సాల్మియా ఇంట్లో
పచ్చరాయి ఉంగరం కనపడలేదు.
ఆ ఇంట్లో పరాయిదాన్ని నేనొక్కదాన్నే.
ఆ పొద్దు నా గిన్నెలో ఒక్క గింజా వెయ్యలేదు ఎవరూ.
ఒక్కటి ఉండుంటే దాన్ని రెండు చేసేదాన్ని,
రెంటిని నాలుగు చేసేదాన్ని.
సున్నాను ఏం చెప్పి పెంచేది?
ఏడ్చినా సున్నానే, పిల్లల మీద ఒట్టేసినా సున్నానే.
నాలుగో రోజు వాషింగ్ మిషను జాలీలో దొరికింది ఉంగరం.
ఎవరూ ఏమీ అనలేదు.
నేను ఇస్త్రీకి బట్టలు తీసుకున్నా.

పన్నెండో రోజు తెలిసింది.
కుళ్లాయమ్మ పోయింది నిజమే, డబ్బుతో సహా.
లక్షుమ్మ నా గిన్నెల వైపు చూసింది.
ఏడు గింజలంటే ఏడు గింజలే అక్కా,
నేను దీపం ఆర్పి చెప్పిన మాట కాదు.
నా ఇరవై దినార్లకు నేనూ ఏడ్చినా ఆ రాత్రి,
నీళ్లగదిలో కొళాయి తిప్పుకుని.
తెల్లారి గింజలు కడిగి ఆరబెట్టినా.

ఈ పొద్దు శుక్రవారం.
చీటీ ఎత్తిన కొత్తపిల్ల బీబీజాను
పదింటికి వస్తానని పోయి పన్నెండయినా రాలేదు.
"ఇదీ అంతే" అంటాండారు అప్పుడే.
ముప్పై ముగ్గురిలో ముగ్గురు,
ఒకటిన్నర గింజ.
ఖర్జూరం గింజ సగానికి పగలదు.
రెండు అటేసి,
పద్నాలుగు ఇటు పెట్టి,
అన్నం గిన్నె మీద మూత సర్ది
మెట్ల వైపు చెవి పెట్టుకుని ఉండా.