గుడారం గుడ్డ

కర్నూల్లో రాజధాని ఉన్నప్పుడు
మా కంబగిరప్ప తాత శాసనసభ్యుడు.
ఒక నియోజకవర్గానికి ఇద్దరు మెంబర్లు ఆ కాలంలో.
పెద్ద మెంబరు జీపులో పోయేటోడు,
తాత పత్తికొండ బస్సులో, ఆఖరి సీట్లో.

గేరి నుంచి బస్సు కాడికి పోవాలంటే
నడివీధి దాటల్ల.
ఖద్దరు పంచె, చంకలో చట్టాల కట్ట,
చేతిలో చెప్పులు.
రెడ్ల అరుగు దాటినాక
చింతచెట్టు మలుపులో తొడుక్కునేవాడు.

ఉన్నన్నేండ్లలో ఒకే ఒక ప్రశ్న అడిగినాడంట:
"మా గేరికి బావి ఎప్పుడు, అధ్యక్షా?"
"పరిశీలనలో ఉన్నది" అని కాగితమొచ్చింది.
అవ్వ దాన్ని జొన్నల కాగులో దాచింది,
పురుగు పట్టకుండా వేపాకేసి.

రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది.
మెంబర్లు పండుకున్న గుడారాలు వేలానికొస్తే
చిరిగిన ముక్కొకటి
రెండున్నర రూపాయలకు పాడినాడు.
కొన్ని చలికాలాలు ఆ దూరప్పట్నానికీ పోయొచ్చినాడు.
తర్వాత టికెట్టు రాలేదు.
పింఛను అనే మాటే లేదు అప్పట్లో.

గేరి వెనకాల గుంజలు నాటి
గుడారం గుడ్డ నీడకు కట్టి
గడ్డపార పట్టుకున్నాడు మాజీ మెంబరు.
రెండు ఎండాకాలాలు.
నేను తట్ట లాగేవాణ్ణి, ఆరేండ్లోణ్ణి.
నాలుగు నిలువుల లోతున రాయి తగిలినప్పుడు
లోపల్నుంచి అరిచినాడు: "అధ్యక్షా!"
బావి కూడా అంది: "అధ్యక్షా!"
పిల్లోళ్ళమంతా గట్టు మీద పడీ పడీ నవ్వినాం.
ఆయనా నవ్వినాడు, దుమ్ము మింగి దగ్గినాడు.

ఏడో నిలువున చెమ్మ.
దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని
చాన్సేపు ఏం మాట్లాడలే.
"జవాబొచ్చిందప్పా,
రోంత ఉప్పగా ఉండాది."

ఎద్దులు తాగినాయి. మేము మునిగినాం.
ఆ నీళ్ళకు కందిపప్పు మాత్రం
ఎంతసేపైనా ఉడకలేదు.
దానికి అవ్వ తిట్టింది గవర్నమెంటునా,
తాతనా, తెలీదు.

ఇప్పుడు గుడ్డ నా దగ్గరుంది.
మూలన నల్లసిరాతో ఒక నంబరు, సగం చెరిగి.
దాని మీదే శెనక్కాయలు ఆరబోస్తాం.
అవ్వ బతికున్నప్పుడొక పొద్దు
కాయలు తిరగెయ్యడానికి
చెప్పులిడిసి చేత పట్టుకుని
గుడ్డ మీదికి అడుగేస్తే
నులకమంచం మీంచే గదమాయించింది:

"తొడుక్కోరా.
ఆయన మోసిన మోత చాలు."