అర మిల్లీగ్రాము

రియెకా రేవులో ఇరవై ఆరేళ్లు
ఇనప పెట్టెలు విప్పించి చూశాను.
కాఫీ బస్తాల్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి
ఏది కాఫీ కాదో వేళ్లతో చెప్పేదాన్ని.
కుక్కలకన్నా ముందు ల్యెర్కాకే తెలుస్తుంది, అనేవాళ్లు.

ఇప్పుడు పొద్దున ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ
నా ఒంటి కాపలాదారులకు నేనే నిద్రమందు పోస్తున్నాను.
కుడి గజ్జకు కాస్త పైన, తడిమితే తెలిసే చోట
పిడికిలంత కొత్త సరుకు దిగింది.
కాగితాల్లేవు. పేరు లేదు.
కుర్రవాడని మాత్రం ఒక నర్సు నోరు జారింది.
ఎవరూ తనిఖీ చెయ్యకూడదు, అదీ బేరం.

పద్నాలుగో వారం.
బోరా గాలికి ఆస్పత్రి కిటికీలు పళ్లు కొరుకుతున్నాయి.
డాక్టర్ నెవెంకా కాగితం నావైపు తిప్పింది.
రెండు గీతలు. రెండూ పైకే.
ఒకటి బీకే,
ఎప్పటిదో ఒక రోగి పేరులో పొడి అక్షరాలట.
ఇంకోటి సైటోమెగలో,
అది సోకిన కణం సూక్ష్మదర్శినిలో గుడ్లగూబ కన్నులా ఉంటుందట.
"చూడొచ్చా?" అన్నాను. పాత అలవాటు.
ఆవిడ నవ్వలేదు.

"ఏ దారిన వచ్చాయి?"
"రాలేదు. లోపలే ఉన్నాయి."
ఇంటిదొంగలు.
సైటోమెగలో నాదే,
మా అమ్మ నమిలి నా నోట్లో పెట్టిన ముద్దలోదో,
బడిలో నలుగురం తాగిన గ్లాసులోదో.
బీకే బహుశా వాడిది.
నాలుగేళ్లప్పుడు పట్టిన జలుబు,
వారానికి తగ్గిపోయింది, ఇంట్లో అందరూ మరిచారు.
కిడ్నీ మరవలేదు.

పేరు చెప్పని మనిషి గురించి
నాకు చేరిన మొదటి కబురు ఇదే:
వాడికి ఒకప్పుడు ముక్కు కారింది.
ఎవరో తుడిచారు.

నా బాల్యమూ వాడి బాల్యమూ
యాభై ఎనిమిదేళ్ల ఈ ఒంట్లో
సందు చూసుకుని కలిసి ఆడుకుంటున్నాయి.
చాలించమనడానికి
పెద్దవాళ్లెవరూ మేలుకుని లేరు.

ఒకదానికి మందుంది, అది నా తెల్లకణాల్ని తింటుంది.
రెండోదానికి మందే లేదు,
కాపలావాణ్ణి కాస్త లేపడం తప్ప.
లేచినవాడు దొంగనే పడతాడా,
కాగితాల్లేని చుట్టం గల్లా పట్టుకుంటాడా,
నెవెంకాకూ తెలీదు.
ముందు నుయ్యి, వెనక గొయ్యి;
నడుమ నిలబడే నేల
అర మిల్లీగ్రాము.

ఒక చలికాలం, మూడో గోదాములో,
బస్తాల వెనక రెండు కళ్లు కనబడ్డాయి నాకు.
టార్చి ఆర్పేసి
"సరుకు సక్రమం" అని రాసి సంతకం పెట్టాను.
నా మొగుడికి కూడా చెప్పలేదు.
లేవబోయేవాడికి ఆ చేతిరాత చదవడం వస్తే బాగుండు.

ఎనిమిదైంది.
మూడు గొట్టాలకు రెండే మింగి
మూడోది రేకులోనే ఉంచాను.
గజ్జ మీద అరచెయ్యి వేసుకుని కూర్చున్నాను.
లోపల ఎక్కడో
ఎవరో ఆవలించారు.