మెడ వంకర సీసా

రాత్రి పాళీలో నేను సీసాలు పోస్తాను.
గంటకు పన్నెండు వందలు, ఏడో నంబరు మిషను మీద.
షాంపూ సీసాలు, నడుము దగ్గర చిన్న నొక్కుతో,
తడి చేతిలోంచి జారకుండా.
మా మరీన్య గ్రాంద్‌లో సగం మందికి ఇదే పని.
మిగతా సగం, ఒకప్పుడు గాజు ఊదినవాళ్ళ మనవలు.

అలాంటిదాన్ని
ఇకమీద ఒక్క సీసా కూడా కొననని ఒట్టు పెట్టుకున్నాను.
ఎందుకంటే గట్టి జవాబేం లేదు.
సావ్ పెద్రు ఒడ్డున, అట్లాంటిక్ కక్కిన నాచులో
ఒక సీసా అడుగు దొరికింది.
బోర్లించి చూస్తే చిన్న ఏడు అంకె.

మొదట పళ్ళపొడి.
సుద్దమట్టి, పుదీనా, చిటికెడు ఉప్పు.
మా ఆయన ఆదెరీతు నోట్లో వేసుకుని
కాసేపు గోడవంక చూశాడు.
"చిన్నప్పుడు గోడ నాకానని అమ్మ కొట్టింది,
ఇప్పుడు పెళ్ళాం నాకమంటోంది."

వెదురు బ్రష్షు మూడోనాటికే వెంట్రుకలు రాల్చింది.
పంటి సందులో చిక్కుకున్న ఒక్కదానితో
నా నాలుక తెల్లవార్లూ కుస్తీ పట్టింది.

చంకలకు వంటసోడా, కొబ్బరినూనె.
మిషను దగ్గర నలభై డిగ్రీలు.
పదకొండింటికి మంట, పన్నెండింటికి దద్దుర్లు,
ఒంటిగంటకు పక్క మిషను జెనొవేవా
మర్యాదగా ఒక అడుగు జరిగింది.
రెండింటికి ఇంకో అడుగు.

వంటింటి పాలరాతి మీద నిమ్మకాయ రుద్దాను.
మరక పోయింది.
మెరుపూ దాని వెంటే వెళ్ళిపోయింది.

ఇక సబ్బు.
మా అత్త ఎర్మెలిందా
సబ్బుకి చీటీలిచ్చే రోజుల్లో పుట్టిన మనిషి.
నా నోటుపుస్తకం చూసి నవ్వింది.
"మేం లేమి అన్నదానికి
మీరు ఇంత పెద్ద పేరు పెట్టుకున్నారా?"
వేయించగా మిగిలిన నూనె, కాస్టిక్ సోడా, నీళ్ళు.
"సోడాని నీళ్ళలో వెయ్యి, నీళ్ళని సోడాలో పొయ్యకు,
మొహం మీదికి లేస్తుంది, నువ్వు కొత్తలో లేచినట్టు."
కర్రతో ఒకే వైపు తిప్పించింది.
ఎందుకని అడగలేదు, తిప్పాను.

నెలరోజులు నూనె దాచాను గాని
అందులో ఏం వేయించానో మర్చిపోయాను.
ఆరు వారాలు ఆరబెట్టి, మొదటి ముక్కతో
దిండు గలీబులు ఉతికితే
ఆ రాత్రి ఇద్దరికీ చేపల కలలు.
వీధి పిల్లి బట్టల తీగ కింద
రెండు రోజులు ఆశగా కూర్చుంది.

రెండోసారి నూనె వడగట్టాను. బాగానే వచ్చింది.
తురిమి వేణ్ణీళ్ళలో కరిగిస్తే
గిన్నెలకీ చేతులకీ సరిపోయే జావ.
తీరా చూస్తే, పోసుకోడానికి
ఇంట్లో ఒక్క సీసా లేదు.

ఆ రాత్రి
అచ్చు సరిగ్గా మూసుకోక
మెడ వంకరగా ఒకటి పడింది.
ఎవరో పిలిస్తే ఓ పక్కకు వాలి వింటున్నట్టు.
ఇలాంటివి తుక్కు డబ్బాలో వెయ్యాలి, రూలు.
నేను సూపర్వైజరు వంక చూశాను.
అతను గడియారం వంక చూశాడు.
సంచిలో వేసుకున్నాను.

ఇప్పుడది తొట్టి పక్కన నిలబడి ఉంది.
ఎంత తిన్నగా వంచినా
సబ్బు ఎడమకే పడుతుంది.
పదకొండుసార్లు నింపాను.
నాకన్నా, ఆదెరీతుకన్నా,
బహుశా ఈ గోడలకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.
అన్నేళ్ళు ఉండబోయేదానికి
ఏదో ఒక పని చూపించాలి కదా.

గంటకు పన్నెండు వందలు.
ఒకటి ఇంటికొచ్చింది.

పదింటికి మళ్ళీ షిఫ్టు.
చేతులు కడుక్కోవాలి,
కాస్త ఎడమకు జరిపి.